ఎత్తుకోట గువ్వ

2023 జూలై 3, సోమవారం. రామన్నపేట

ఓ బోధకుడా, ప్రేమ్‌సాగర్, నిన్నే అడుగుతున్నాను, జవాబు చెప్పు. చచ్చినవాళ్లు లేస్తారని ఊరూరా మైకు పట్టుకుని గొంతు చించుకునే నువ్వు, కన్నబిడ్డ అదే మాట అడిగితే ఎందుకు నీళ్లు నమిలావు?

చెప్పు. ఈ పుస్తకం చదివేది నువ్వొక్కడివే. స్తోత్రం అనేవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు.

నిన్న ఆరాధన ముగియగానే మేళ్లచెరువు నుంచి అల్లుడు శివకృష్ణ ఫోన్ చేశాడు. సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి గేటు బయటికి వచ్చినట్టున్నాడు, వెనక లారీల మోత.

"మామా, గ్లోరీ తింటలేదు. పిలిస్తె పలుకుతలేదు. పొద్దుందాక గా ఫోన్ల ఆటనే. జర మీరన్న చెప్పుండ్రి."

"ఎన్నిసార్లు చెప్పాలె శివా? ఉపవాసముండి ప్రార్థన చెయ్యమను."

"ఉపవాసమే ఉంటున్నది మామా. నేనింటికి వచ్చేదాంక మంచినీళ్లు గూడ ముడుతలేదు."

వెటకారంగా అని ఉంటే కోప్పడేవాణ్ణి. అతను వెటకారంగా అనలేదు.

మార్చిలో గ్లోరీకి పాప పుట్టి, ఏడవకుండానే పోయింది. దవాఖానలో గ్లోరీ నా చెయ్యి పట్టుకుని "లేస్తదా నాయినా?" అంది. గ్రంథం నా ఒళ్లోనే ఉంది.

దాని గురించి ఇక రాయను.

పోయిన నెల వెళ్లి వాక్యం చెప్పి వచ్చాను. చెప్పినంతసేపూ ఆమె చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. ఆమె ఇంట్లో లేదు, ఆ ఆటలో ఉంది. సరే. ఆ ఆటలోకే పోతాను. తప్పిపోయినవాళ్లు ఎక్కడుంటే అక్కడికే కదా పోవాలి. పోయి అక్కడే చెప్తాను.

జూలై 4

నా మోటారు వైండింగు షాపు మధ్యాహ్నానికే మూశాను. బస్టాండు దగ్గర సెల్ షాపు నడిపే నవనీత, గిరాకీ లేనప్పుడు ఈ ఆటే ఆడుతుందని విన్నాను. వెళ్లి నేర్పమని అడిగితే నవ్వు ఆపుకోలేకపోయింది.

"మొన్న కూటంల మీరే గద అయ్యగారూ, గీ ఆటలన్ని సైతాను వల అని మైకుల ఒర్రింది? మా షాపుదాంక ఇనవడ్డది."

"వల ఎట్లుంటదో చూడాలె గదమ్మా."

"చూడుండ్రి, చూడుండ్రి. చిక్కినంక నన్ననొద్దు."

ఫోన్లో ఎక్కించి ఇచ్చింది. ఆటలో నా పేరు కాపరి. గ్లోరీ పేరు గువ్వ అని శివ చెప్పాడు. ఆమె ఉండేది కొండ మీది కోట పట్నంలో. ఆ ఆటలో ఊళ్ల పేర్లన్నీ నోరు తిరగని ఇంగ్లీషు. నేను బడి ముఖం చూసినవాణ్ణి కాను, వాక్యం చదవడానికే తెలుగు, ఇంగ్లీషు అక్షరాలు దిద్దుకున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని పేర్లన్నీ తెలుగు చేసుకున్నాను. అందరూ మొదలుపెట్టే పల్లె బూడిదూరు. ఆమె ఉండేది ఎత్తుకోట.

జూలై 5

ఎడమ బొటనవేలితో చక్రం తిప్పితే మనిషి నడుస్తాడు. కుడి బొటనవేలితో చూపు తిప్పాలి. రెండూ ఒకేసారి చేయాలి. నేను నడిస్తే చూపు ఆకాశంలోకి పోతుంది, చూపు దించితే నడక ఆగుతుంది. చాలాసేపు ఒక గోడకు ముఖం ఆనించి నడిచాను. నా భార్య లీలమ్మ వెనక నిలబడి చూసి, "గా గోడకు గూడ వాక్యం చెప్తున్నవా ఏంది?" అంది.

కుడి పక్కన గుండ్రటి గుర్తులు. కత్తి, డాలు, దుముకుడు, మందు సీసా. పైన ఎర్ర గీత ప్రాణం, నీలి గీత శక్తి. కత్తి నొక్కబోయి మందు తాగుతున్నాను. గాయం లేకుండానే మందంతా అయిపోయింది.

జూలై 6

తోడేలు.

జూలై 7

మళ్లీ తోడేలు.

జూలై 8, శనివారం

ఇంత చేసినా నా మనిషి కత్తి ఎత్తలేకపోతున్నాడు. సగం దాకా ఎత్తి దింపేస్తాడు. నవనీతకు చూపించాను.

"ఏదన్న పని జేసినప్పుడల్ల పాయింట్లొస్తయి గద, ఏడ బెట్టిన్రు?"

"జ్ఞానంల."

"అన్నా?"

"జ్ఞానం కంటె గొప్పది ఏమున్నదమ్మా?"

ఆమె నుదురు కొట్టుకుంది. "మీరు తీసుకున్నది కత్తి పట్టే మనిషిని అయ్యగారూ! వానికి బలం గావాలె. జ్ఞానం మంత్రాలేసేటోళ్లకు. వాడు నిలవడి ఆలోచన జేస్తుండు, తోడేలొచ్చి తినిపోతున్నది!"

పక్కన ఛార్జరు కొనడానికి వచ్చినతను కూడా నవ్వాడు. పెట్టిన పాయింట్లు వెనక్కి తీసుకోలేమట. మనిషిని చెరిపేసి, మొదటి నుంచి మొదలుపెట్టాలట.

జూలై 9, ఆదివారం

జ్ఞానాన్ని గురించే ప్రసంగించాను. బాగుందన్నారు.

జూలై 11

కొత్త కాపరికి అన్నీ బలంలోనే పెట్టాను. తోడేలు చచ్చింది! నేను వేసిన కేకకు లీలమ్మ వంటింట్లో గిన్నె జారవిడిచింది.

బూడిదూరు దాటాను. చీకటి అడవి, కొయ్య వంతెన, అటుపైన ఎత్తుకోట. మన భువనగిరి గుట్టలాగే ఒకే బండ మీద లేచి నిలబడింది. ఎక్కడి నుంచి చూసినా కనిపిస్తుంది. వంతెన మీద రాక్షసుడు కొట్టాడు. చచ్చి మళ్లీ బూడిదూర్లోనే లేచాను. అందరూ అలా లేవరట. వంతెనకు ఈవల ఒక దేవత రాతి బొమ్మ ఉంది, దాని ముందు మోకరించినవాళ్లు చచ్చినా అక్కడే లేస్తారట.

"గా బొమ్మ ముంగట మోకాళ్ల మీద కూసోవాలె అయ్యగారూ. కూసుంటెనే ఆడిదాంక వచ్చినట్టు లెక్క."

"నేను వంగను."

"మీరేడ వంగుతున్నరు? ఫోన్ల బొమ్మ వంగుతది."

"వాడు నా మనిషి. వాడు వంగితె నేను వంగినట్టే."

"అయితె నడువుండ్రి మల్ల బూడిదూరు నుంచి," అని నవనీత తన ఫోను చూసుకుంది.

ప్రాణం పోయినా ప్రతిమ ముందు మోకాలు వంచకండని ఎన్ని కూటాల్లో చెప్పానో. ఎంతమంది ఇళ్లలోంచి పటాలు తీయించానో. నడుస్తాను.

జూలై 13

నడిచాను. అడవి దాటాను. వంతెన మీద చచ్చాను. బూడిదూరు.

జూలై 14

నడిచాను. వంతెన. బూడిదూరు. ఎత్తుకోట దీపాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ దీపాల్లో ఎక్కడో ఆమె ఉంది. ప్రార్థించి మళ్లీ బయలుదేరాను. బూడిదూరు.

జూలై 16, ఆదివారం

ఆరాధన తర్వాత అన్నం వడ్డిస్తూ లీలమ్మ అడిగింది. "మేళ్లచెరువుకు బస్సులు బందయినయా?"

"ఆడికి పోతె ముఖం తిప్పుకుంటది."

"ఈడ తిప్పుకోదా?"

"ఈడ నేనని తెల్వదు గదా."

"మల్ల తెల్వకుంట పోయి ఏం జెప్తవు?"

వాక్యం అని జవాబిచ్చాను. బొమ్మ సంగతి రాత్రే విన్న ఆమె నా పళ్లెంలో ఇంకొంచెం పప్పు వేసింది. "నీ బిడ్డ గా ఒడ్డుకున్నది. నువ్వు ఈ ఒడ్డున మోకాళ్లను పట్టుకోని కూసున్నవు. నేనైతె ఎప్పుడో వంగుదును."

ఆడవాళ్లకు ఈ సంగతుల్లో లోతు తెలియదు.

జూలై 18

ఈ రోజు ఏం చేశానో ఈ పుస్తకంలో కూడా రాయను.

జూలై 19, బుధవారం

ఎత్తుకోట చేరాను.

కోట గుమ్మం ముందు పెద్ద మైదానం. అక్కడ అందరూ రాక్షసులతో కొట్లాడి పడిపోతుంటారు. వాళ్ల మధ్య తెల్ల దుప్పటి కప్పుకున్న ఒకామె, చేతిలో కర్ర. పడినవాళ్ల దగ్గరికి పోతుంది, వంగుతుంది, కర్ర తాకిస్తుంది. వాళ్లు లేస్తారు. ఆమె ఇంకొకరి దగ్గరికి పోతుంది. తల మీద పేరు గువ్వ.

గువ్వ సంగతి నవనీతను అడిగాను. "ఆమె ఎవ్వలకు తెల్వదు అయ్యగారూ? ఎప్పుడు జూసినా ఆడనే ఉంటది. అందరిని లేపుతది. కొట్లాడదు, గెలవదు, పైకి పోదు. ఊకె లేపుతది."

ఆ గుమ్మం దగ్గరే నేనూ పడ్డాను. తెర నల్లబడింది. గువ్వ వచ్చి నా మీద వంగింది. నేను లేవలేదు. లేపేవాళ్లు లేపితే సరిపోదట, చచ్చినవాడు కూడా ఒక గుర్తు నొక్కాలట. నాకు తెలియదు. ఆమె ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసింది.

"పచ్చది నొక్కు అన్నా."

ఏది పచ్చది? వెతికాను. వేలు జారి చూపు ఎటో తిరిగింది.

"ఎడమ దిక్కు, కింద. తొందర లేదు. నేనీడనే ఉన్న."

చుట్టూ ఎందరో పడి ఉన్నారు. ఆమె కదల్లేదు. నొక్కాను. లేచాను.

మార్చి నుంచి నా బిడ్డ నాతో అన్న మొదటి మాటలు ఇవి.

రేపు చెప్తాను నేనెవరో.

జూలై 21

"అన్నా, నువ్వు కత్తితోని కొడుతున్నవా, ఊడుస్తున్నవా?" అంది ఈ రోజు. నవ్వే బొమ్మ కూడా పెట్టింది. దాని వెటకారం చిన్నప్పటిదే, ఏమీ మారలేదు. నేనూ రాశాను, "నాకు నేర్పినామె తిట్టింది ఇంకా ఎక్కువ" అని. మళ్లీ నవ్వింది.

ఇప్పుడే చెప్పి చెడగొట్టడం ఎందుకు? రేపు చెప్తాను.

జూలై 23, ఆదివారం

సాయంత్రం ప్రార్థన త్వరగా ముగించాను. గొంతు బాగాలేదని చెప్పాను. లీలమ్మ నా వైపు చూసింది.

ఆటలో అడవి పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. శివ మంచోడని రాసింది. ఏమీ అనడట, టిఫిన్ డబ్బా కడిగి బోర్లించి పోతాడట. వినేవాడు ఎవరో తెలియదు కాబట్టే ఇదంతా చెబుతోంది. నేనని తెలిస్తే ఆగిపోతుంది. కాబట్టి నేను ఆగడమే మేలు. రేపు.

జూలై 25, మంగళవారం

అడిగింది. "అన్నా, నీకెవరన్న పోయిన్రా?"

నేను వాక్యం రాయడం మొదలుపెట్టాను. ఎన్నాళ్లుగానో దాచుకున్నదంతా రాశాను. ఆ పెట్టె చిన్నది, సగం దగ్గరే ఆపేసింది. చెరిపేశాను. మళ్లీ రాశాను.

"నా మనుమరాలు."

"పేరేంది?"

"పెట్టలే."

గువ్వ అలాగే నిలబడింది. పక్కనే ఇద్దరు చచ్చి పడి ఉన్నారు, రమ్మని గుర్తులు పంపుతున్నారు. వాళ్లను లేపలేదు. అప్పుడు రాసింది.

"మా నాయిన అందరు లేస్తరంటడు అన్నా. మైకుల గట్టిగ అంటడు. నేనడిగితె మెల్లగ గూడ అనలే."

గ్రంథం నా తొడ మీద తెరిచే ఉంది. ఎక్కడ ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలను. బొటనవేళ్లు రెండూ తెర మీదే ఉన్నాయి. ఏ అక్షరం మీద పెట్టాలో తెలియలేదు. నేను చూస్తుండగానే ఆమె పేరు ఆరిపోయింది.

రేపు తప్పకుండా చెప్తాను.

జూలై 26

రాలేదు.

జూలై 27

రాలేదు. గుమ్మం ముందు చచ్చినవాళ్లు అలాగే పడి ఉన్నారు. ఒకడు "గువ్వక్క ఏది" అని అందరినీ అడుగుతున్నాడు.

జూలై 28, శుక్రవారం

వచ్చింది! దేవుడు నా ప్రార్థన విన్నాడు.

ఈ రోజు ఉల్లాసంగా ఉంది. తన దగ్గరున్న సామానంతా గుమ్మం దగ్గర వాళ్లకు పంచింది. తెల్ల దుప్పటి ఒకరికి, మందులు ఇంకొకరికి, గుర్రమేమో "గువ్వక్క ఏది" అని అడిగినవాడికి. కర్ర నాకు ఇచ్చింది.

"నేను కత్తి మనిషిని గదా, నాకెందుకు?" అని రాశాను.

"ఉంచుకో అన్నా. మంచిగుండు."

వెళ్లిపోయింది. వేడుకలా జరిగింది. చెప్పే సందు దొరకలేదు.

జూలై 30, ఆదివారం

సాక్ష్యం చెప్పాను! నా బిడ్డ ఆ ఆటను విడిచిపెట్టిందని మైకులో చెప్పాను. శివ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు, ఫోన్లోంచి ఆటనే తీసేసిందట.

"ఇల్లంత సాపు జేసింది మామా. నిన్న నాతోని నవ్వుకుంట మాట్లాడింది. పాపకు కుట్టిన అంగీలు ఇంటి ఓనరు సోమమ్మ కోడలికిచ్చింది, నెలలు నిండినయి గద ఆమెకు. కుట్టు మిషను గూడ సోమమ్మకే ఇచ్చింది."

"చూసినవా శివా, దేవుడు ఎట్ల మార్చిండో!"

"అవు మామా," అన్నాడు. మళ్లీ తనే, "మీరొకసారొస్తె మంచిగుంటది" అన్నాడు.

వచ్చే నెల కూటాలు అయ్యాక వస్తానన్నాను. సంఘమంతా లేచి స్తోత్రం చెప్పారు. వంతెన ఈవలి బొమ్మ సంగతి సాక్ష్యంలో చెప్పలేదు. అవసరం లేదు.

లీలమ్మ మాత్రం పాటకు గొంతు కలపలేదు. "మిషను ఎందుకిచ్చింది? అది లేకుంటె దానికి పొద్దువోదు గద," అంటోంది ఇంటికి వచ్చినప్పటి నుంచి. సంతోషించడం కొందరికి చేతకాదు.

ఆగస్టు 1, మంగళవారం, మధ్యాహ్నం

ఆట తీసేయించుకుందామని, నవనీతకు కృతజ్ఞత చెబుదామని షాపుకు వెళ్లాను. తీసేముందు గర్వంగా కర్ర చూపించాను. గువ్వ నా బిడ్డేనని అప్పుడే చెప్పాను.

నవనీత నవ్వలేదు. ఫోను తన చేతిలోకి తీసుకుంది.

"గీ కర్ర మీకిచ్చిందా? ఇంకేమిచ్చింది?"

"అందరికి పంచింది. దుప్పటి, గుర్రం, అన్ని."

"ఏమన్నది?"

"మంచిగుండుమన్నది."

"ఇంట్ల గూడ ఏమన్న పంచిందా?"

కుట్టు మిషను, అంగీలు అని చెప్పాను. చెబుతుండగా నా గొంతు నాకే వేరేగా వినిపించింది. ఆమె లేచి షాపు షట్టరు సగం కిందికి లాగింది.

"అయ్యగారూ, ఆట మీద కోపమొస్తె ఊకె తీసేస్తరు, మల్ల రెండొద్దులకు ఎక్కిచ్చుకుంటరు. గట్ల పంచరు. మా చిన్నక్క గూడ గిట్లనే చీరెలన్ని పంచింది. అందరితోని నవ్వుకుంట మాట్లాడింది. మంచిగయిందని మేమంత సంబురపడ్డం, నాలుగొద్దులకే పానం తీసుకున్నది." ఆమె ఫోను మళ్లీ నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు ఇంట్ల ఎవలున్నరు ఆమెతోని?"

శివ పగటి షిఫ్టు. ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. గ్లోరీకి చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. సోమమ్మ నంబరు ఉంది నా దగ్గర.

"పండుకున్నది గావచ్చు అయ్యగారూ, తలుపేసున్నది."

"కొట్టు సోమమ్మా. నీకు దండం బెడ్త. తీసేదాంక కొట్టు. ఫోను పెట్టెయ్యకు."

మెట్లు దిగుతున్న చప్పుడు. తలుపు మీద అరచేతి దెబ్బలు. "గ్లోరమ్మా, ఓ గ్లోరమ్మా, తలుపు తియ్యి బిడ్డా." మళ్లీ దెబ్బలు. ప్రార్థించబోయాను, ఒక్క మాట కూడా రాలేదు. ఇంతమంది కోసం ఇన్నేళ్లు ప్రార్థించిన నోరు.

గడియ తీసిన చప్పుడు. "ఏంది పెద్దమ్మా?"

"మీ నాయిన, ఇగో. నేనీడనే కూసుంట, కాళ్లు గుంజుతున్నయి," అంటూ సోమమ్మ లోపలికే పోయింది. తెలివైన మనిషి.

"నాయినా?"

"నేనొస్తున్న బిడ్డా."

"ఎందుకు?"

"బిడ్డా, అవ్వాల దవాఖాన్ల నువ్వడిగినవు గద. నాకు తెల్వదు. మైకుల చెప్పేటోనికి తెల్వదు. గట్ల తెల్వదని చెప్పనీకి సిగ్గయి నోరు మూసుకున్న. నీ పానం తీసుకునే ఆలోచన ఏమన్న ఉన్నదా బిడ్డా? నాతోని చెప్పు. నేను కోప్పడ."

ఏడుపు వినిపించింది. పాప పోయినప్పుడు కూడా గ్లోరీ ఏడవలేదు. సోమమ్మ "ఏడువు బిడ్డా, ఏడువు" అంటోంది. నవనీత నా పక్కనే నిలబడి, ఫోను పెట్టేయొద్దని చేత్తో సైగ చేస్తోంది.

ఏడుస్తూనే, "ఒక్కనివే వస్తున్నవా, అమ్మ గూడనా?"

"అమ్మ గూడ."

"బస్సులున్నయా ఇప్పుడు?"

"లేకుంటె నడుస్త."

అదే రోజు, చిట్యాల, రోడ్డు మీద

లీలమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని సోమమ్మతో ఫోన్లో మాట్లాడుతూనే ఉంది. మేం చేరేదాకా గ్లోరీ పక్కనుంచి లేవొద్దని ఆమెకు చెప్పాం. నవనీత ఫ్యాక్టరీ గేటు నంబరు వెతికి పట్టుకుని శివకు కబురు చేసింది. అతను బయలుదేరాడట. నల్లగొండలో మనసుకు మందిచ్చే డాక్టరున్నాడని, రేపు చూపిద్దామని నవనీతే చెప్పింది. రేపు పొద్దున్నే డాక్టరు, వాయిదా లేదు. ప్రార్థన చేసుకోవాలనుకుంటే ఆ డాక్టరు గుమ్మం బయట చేసుకో.

విను ప్రేమ్‌సాగర్, ఇది నీకే. ఆమె ముందు గ్రంథం తెరవకు. అడిగింది చెప్పు, తెలియనిది తెలియదను. ఆమె ఏడిస్తే ఆపకు. ఊరుకుంటే నువ్వూ ఊరుకో. అన్నం కలిపి పెట్టు. కూటాలు ఉన్నాయని ఎవరైనా ఫోన్ చేస్తే లేవని చెప్పు. ఆమెను ఒంటరిగా వదలకు, బాగుంది అనిపించినా వదలకు, నవ్వినా వదలకు.

కోదాడ బస్సు మలుపు తిరిగింది. కలం మూయి. లే. చెయ్యెత్తు, రోడ్డుకు అడ్డం నిలబడైనా ఆపు. ఎక్కు, ఇప్పుడే ఎక్కు!